చిప్పపురుగు చరిత్ర: నిర్మల్ కొండలనుండి దక్షిణ సముద్రము వరకు

మా సిద్దిపేట ప్రాంతమున వానకాలపు నాట్లు పూర్తియైన పిమ్మట, ఒక ఉదయము పొలము గట్టున కూర్చుండి, మడిలో నిలిచిన నీటిని గాజుగ్లాసులోనికి ముంచి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. మొదట అది వట్టి బురదనీరుగానే తోచును. కొంతసేపు కదలించక ఉంచినచో బురద అడుగునకు దిగును. అప్పుడు నువ్వుగింజంత చుక్కలు, కొన్ని అంతకంటెను చిన్నవి, ఆ నీటిలో పైకిని క్రిందికిని గబగబ తిరుగుట కనబడును. గడ్డిపరకతో తాకినచో ఆ చుక్క చటుక్కున ముడుచుకొని విత్తనమువలె అడుగునకు జారిపోవును. ప్రమాదము తప్పినదని తోచగానే మరల బయలుదేరును. ఇది విత్తనము కాదు, దోమపిల్ల కాదు. రొయ్యలకును ఎండ్రకాయలకును ఇది దూరపు చుట్టము.

శాస్త్రజ్ఞులు ఈ వర్గమునకు ఆస్ట్రకాడ్ అని పేరు పెట్టినారు. గ్రీకు భాషలో పెంకు అని అర్థమిచ్చు మాటనుండి ఆ పేరు వచ్చినది. మేము ఈ ప్రసంగమున దానిని చిప్పపురుగు అని వ్యవహరింతుము. ఇంత అల్పజీవికి చరిత్ర యేమి యుండునని శ్రోతలకు అనుమానము కలుగవచ్చును. కాని దీని చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము మన తెలంగాణమందలి నిర్మల్ కొండలలో ఆరంభమైనది. మరియొక అధ్యాయము దక్షిణధ్రువ సముద్రపు చీకటి లోతులలో జరిగినది. ఈ రెంటిని కలిపి చూచినప్పుడు ఒక ప్రశ్న మన ముందు నిలుచును. పెంకును చూచినంతమాత్రమున అందులో కాపురమున్న ప్రాణి మనకు తెలిసినట్లేనా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది.

మొదట ఈ జీవి యొక్క దేహనిర్మాణమును కొంచెము తెలిసికొందము. ఆల్చిప్పకు వలె దీనికి రెండు చిప్పలు. అవి వీపువైపు బందుపెట్టినట్లు కూడియుండును, కడుపువైపు తెరచుకొనును. చిప్పలు సున్నపు పదార్థముతో గట్టిపడినవి. రెండు చిప్పలను లోపలనుండి బిగించి లాగు కండరములు కలవు. అపాయము తోచినప్పుడు తలుపు మూసికొనునట్లు మూసికొనుట ఈ కండరముల పనియే. కండరము చిప్పకు అతికిన చోట చిన్న మచ్చల గుంపు ఏర్పడును. జీవి చచ్చి కుళ్లిపోయిన పిమ్మటను ఆ మచ్చలు చిప్పపై నిలిచియుండును. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

చిప్పలలోపల దేహము మడిచిపెట్టినట్లు ఇమిడియుండును. తలకు ముందు రెండు జతల స్పర్శాంగములు కలవు. ఈదుటకును ప్రాకుటకును ఇవియే ముఖ్యసాధనములు. వాని వెనుక ఆహారము నమలు దవడలు, నీటిని లోపలికి వెలుపలికి త్రోయు విసనకఱ్ఱవంటి పలక, నడచు కాళ్లు ఉన్నవి. చివరి కాళ్లజత చిప్ప లోపలి భాగమును శుభ్రపరచుటకే ఏర్పడినది. ఇల్లు ఊడ్చుకొను చీపురును తన దేహమందే మోసికొని తిరుగు ప్రాణి ఇది. మన మడులలోని చిప్పపురుగులకు గుండెకాయ లేదు. మొప్పలును లేవు. దేహము మిక్కిలి చిన్నది గనుక నీటిలోని ప్రాణవాయువు చర్మముగుండనే లోపలికి చేరును. నుదుటిమీద ఒక్కటే కన్ను. అది చూచునది వెలుగు చీకట్ల భేదము మాత్రమే.

పెరుగునప్పుడు ఈ జీవి పాత చిప్పలను విడిచి క్రొత్తవానిని తొడుగుకొనును. పెద్దదగునంతలో మన మంచినీటి జాతులు ఎనిమిది మారులు ఇట్లు విడుచును. కనుక ఒక్క జీవి తన జీవితకాలములో ఎన్నియో జతల చిప్పలను బురదకు అప్పగించును. చెరువుల అడుగున, సరస్సుల అడుగున, సముద్రముల అడుగున ఈ చిప్పలు కోట్లకొలది చేరి, కాలక్రమమున రాయిగా మారిన బురదలో నిలిచియున్నవి. భూమిమీద 45 కోట్ల సంవత్సరములకు పైబడిన శిలలలో ఈ వర్గపు పెంకులు దొరకుచున్నవి. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని ఆదరించుటకు కారణమిదియే.

ఇక చరిత్రలోనికి వత్తము. సిద్దిపేటనుండి ఉత్తర వాయవ్యముగా, నేరుగా కొలిచినచో సుమారు 120 కిలోమీటర్ల దూరమున, గోదావరికి ఆవల నిర్మల్ ఉన్నది. మా ఊరి చుట్టును కనబడునవి రాతి గుట్టలు, చెల్కభూములు. నిర్మల్ దాటి కొండలెక్కిన వెంటనే రాతి రంగు మారును. అక్కడినుండి నల్లని రాతి దేశము మొదలగును. ఆ నల్లరాయి ఒకప్పుడు నేలచీలికలనుండి పొంగి, పొరమీద పొరగా పరచుకొని గడ్డకట్టిన లావా. పడమట సహ్యాద్రి వరకు వ్యాపించిన ఈ రాతిసీమనే దక్కను ట్రాపు అందురు. మన రేగడిభూములలో అనేకము ఆ రాయి పొడియై ఏర్పడినవే.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున హైదరాబాదు రాజ్యమున దేశము కొలుచుటకై వచ్చిన కర్నల్ లాంబ్టన్ దండులో హెన్రీ వోయిసీ అను వైద్యుడు ఉండెడివాడు. రోగులను చూచుటతో పాటు రాళ్లను పరిశీలించుటయు ఆయన ఉద్యోగధర్మము. లావా ప్రాంతములలో, రెండు నల్లరాతి పొరల నడుమ, మంచినీటి గవ్వలు రాయియై యుండుట ఆయన గమనించినాడు. నిప్పునుండి పుట్టిన రాళ్ల నడుమ నీటిలో బ్రతుకు గవ్వలేమి? వోయిసీ ఆ వింతను వెలికి తెచ్చినాడే గాని దానిని పూర్తిగా విడదీయుటకు ఆయుస్సు చాలలేదు. 1824లో ఆయన మరణించినాడు.

ఆ త్రోవలోనే తరువాత వచ్చినవాడు జాన్ గ్రాంట్ మాల్కంసన్. ఇతడును వైద్యుడే. మదరాసు సైన్యపు వైద్యశాఖలో పనిచేసినాడు. బెరిబెరి వ్యాధినిగూర్చి 1835లో ఒక గ్రంథము ప్రకటించినాడు. హైదరాబాదునుండి నాగపురమునకు పోవు పాత దారి నిర్మల్ కొండలను దాటి పోవును. ఆనాటి ఆంగ్లగ్రంథములు ఆ శ్రేణిని సిచెల్ కొండలని పేర్కొన్నవి. అక్కడి లావాపొరల నడుమ చెకుముకిరాయిగా గట్టిపడిన బురదనుండి మాల్కంసన్ గవ్వలను, నీటిమొక్కల కాయలను, వానితో కూడ ఇసుకరేణువులవంటి చిన్నచిన్న చిప్పలను సేకరించినాడు. వాని వృత్తాంతమును 1837లో లండనునందలి భూగర్భశాస్త్ర సంఘమున వినిపించినాడు. 1840లో అది ఆ సంఘపు సంపుటమున అచ్చయినది.

అందలి శిలాజములకు పేర్లు పెట్టి వర్ణించినవాడు జేమ్స్ డి కార్ల్ సోవర్బీ. గవ్వలలో ఒకదానికి ఫైసా ప్రిన్సెపీ అనియు, నీటిమొక్క కాయకు కారా మాల్కంసనీ అనియు నామకరణము జరిగినది. చిప్పపురుగులు రెండు విధములు కనబడినవి. పొడుగుగా ఉన్నదానికి సిప్రిస్ సిలిండ్రికా అనియు, ఇంచుమించు గుండ్రముగా ఉబ్బియున్నదానికి సిప్రిస్ సబ్‌గ్లోబోసా అనియు పేర్లు పెట్టినారు. సిప్రిస్ అనునది గ్రీకుల సౌందర్యదేవతకు ఒక పేరు. డెన్మార్కు దేశపు ప్రకృతిశాస్త్రజ్ఞుడు ముల్లర్ 1776లోనే ఆ పేరును చిప్పపురుగుల కిచ్చియుండెను. నిర్మల్ కొండల చెకుముకిరాతిలోని ధూళివంటి చిప్ప ఈ విధముగా ఒక దేవత పేరుతో శాస్త్రలోకమునకు పరిచయమైనది.

మాల్కంసన్ శిలాజములు చెప్పిన కథ ఇది. లావా ఎడతెగక పొంగలేదు. ఒక పొర చల్లారిన వెనుక అనేక సంవత్సరములు, ఒక్కొక్కచోట వేల సంవత్సరములు విరామము వచ్చినది. ఆ నల్లని నేలపై వానలు కురిసి, పల్లములలో నీరు నిలిచి, చెరువులేర్పడినవి. మొక్కలు మొలిచినవి, నత్తలు చేరినవి, చిప్పపురుగులు ఈదినవి. పిమ్మట మరియొక లావాపొర వచ్చి ఆ చెరువును బురదతోకూడ కప్పివేసినది. మన దేశపు పురాతన చెరువులలో కొన్నిటి అడుగు ఇట్లు రాతిపుస్తకమున రెండు పుటల నడుమ ఒత్తిపెట్టిన ఆకువలె మనకు మిగిలినది.

మాల్కంసన్ 1844లో మరణించినాడు. ఆ మరుసటి సంవత్సరమే నాగపురమునకు వచ్చిన స్టీఫెన్ హిస్లాప్ అను మతప్రచారకుడు ఈ పనిని అందుకొన్నాడు. నాగపురము చెంతనున్న తాక్లీవద్ద లావాపొరల నడుమ శిలాజములు ఆయనకు దొరికినవి. ఆయన రాళ్లలోని జీవులతోనే తృప్తిపడలేదు. నాగపురపు చెరువులలో బ్రతికియున్న చిన్నజీవులనుకూడ సేకరించి లండనుకు పంపినాడు. వానిని పరీక్షించినవాడు బ్రిటిష్ మ్యూజియమునందలి విలియం బేర్డ్. ఆయనయు పూర్వము ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యుడై మన తీరములను చూచినవాడే.

బేర్డ్ 1859లో ప్రకటించిన వ్యాసమున ఒక ఆశ్చర్యకరమైన మాట ఉన్నది. నాగపురపు చెరువులో ఈదుచున్న గుండ్రని చిప్పపురుగును చూచి ఆయన దానిని సోవర్బీ పేరుపెట్టిన సిప్రిస్ సబ్‌గ్లోబోసాగానే గుర్తించినాడు. అనగా నిర్మల్ కొండల రాతిలోని జీవియు, నేటి చెరువులో తిరుగు జీవియు ఒక్కటేయని అర్థము. రాతిలో పడియున్నవాని వంశమువారు ఊరి చెరువులో ఇంకను కాపురమున్నారన్నమాట!

ఇది చిన్న మాట కాదు. చార్లెస్ లయెల్ తన భూగర్భశాస్త్ర గ్రంథమున 1833లో ఒక కొలమానమును చెప్పియున్నాడు. ఒక శిలలోని గవ్వలలో నేటికిని బ్రతికియున్న జాతులు నూటికెన్నియో లెక్కించినచో ఆ శిల వయస్సు తేలునని ఆయన భావము. పరమాణువులతో కాలమును కొలుచు విద్య అప్పటికి పుట్టలేదు. కనుక ఏ జాతి బ్రతికియున్నది, ఏ జాతి నశించినది అను నిర్ణయముపై శిలల వయస్సు ఆధారపడియుండెను. హిస్లాప్ తన 1860 నాటి వ్యాసమున నాగపురపు శిలాజములతో పాటు రాజమహేంద్రవర ప్రాంతమునందలి లావా నడిమి గవ్వలనుకూడ వర్ణించి, ఈ పొరలు ఈయొసీన్ యుగమునకు, అనగా రాక్షసబల్లులు నశించిన తరువాతి కాలమునకు చెందినవని అభిప్రాయపడినాడు. 1863లో ఒక వాగు దాటుచు నీట మునిగి ఆయన ప్రాణము విడిచినాడు. ఆయన లేవనెత్తిన వివాదము మాత్రము అంతరించలేదు. 1934లో బీర్బల్ సాహ్ని తాళజాతి చెట్లు మొదలగు మొక్కల శిలాజములను ఆధారముగా తీసికొని మరల ఆ పక్షమునే సమర్థించినాడు.

ఇంతలో సిప్రిస్ సబ్‌గ్లోబోసా అను పేరు ఆసియా ఖండమంతట తిరిగినది. చెరువులలో, మడులలో గుండ్రని చిప్పపురుగు కనబడినచోటనెల్ల అదే పేరు వ్రాసినారు. పేరుతో పాటు దాని వెనుక దాగియున్న భావమును తిరిగినది. అగ్నిప్రవాహములను, రాక్షసబల్లుల వినాశమును దాటి, ఏ మార్పునులేక నేటివరకు బ్రతికిన జీవి మన వరిమడిలో ఉన్నదని ఆ భావము. వినుటకు ఎంత ఇంపైన కథ! మేమును మా పిల్లలకు ఆ కథ చెప్పి ఆనందించినవారమే.

ఇక్కడ మనము ఒకసారి చెరువు విడిచి సముద్రమునకు పోవలసియున్నది. దారి చూపువాడు జార్జి స్టివర్డ్‌సన్ బ్రాడీ. ఇంగ్లండునందలి సండర్లాండు పట్టణమున వైద్యము చేయుచు, తీరికవేళల చిప్పపురుగులను పరిశీలించిన మహానుభావుడు ఆయన. చాలెంజరు అను ఓడ 1872నుండి 1876 వరకు ప్రపంచ సముద్రముల లోతులను శోధించి, 1874 ఫిబ్రవరిలో దక్షిణధ్రువ వృత్తమునుకూడ దాటివచ్చినది. అది తెచ్చిన చిప్పపురుగులను వర్ణించు పని బ్రాడీకి అప్పగించినారు. 1880లో ఆయన గ్రంథము వెలువడినది. ఆరేండ్ల తరువాత అదే బ్రాడీ సింహళద్వీపపు నీటిలోని చిన్నజీవులను పరిశీలించి, ఒక పొడుగుపాటి చిప్పపురుగునకు మాల్కంసన్ పేరు పెట్టినాడు. తరువాతి విద్వాంసులు అది బేర్డ్ నాగపురమునుండి వర్ణించిన పొడుగుజాతియేయని తేల్చి, ఇప్పుడు స్టెనోసిప్రిస్ మేజర్ అని వ్యవహరించుచున్నారు. ఉష్ణదేశములందలి వరిమడులలో అది సామాన్యముగా కనబడునదే. నిర్మల్ కొండలలో రాళ్లు ఏరిన వైద్యుని పేరు ఇట్లు కొంతకాలము ప్రాణమున్న జీవికిని అంటియుండెను.

చాలెంజరు తరువాత దక్షిణ సముద్రమునకు అనేక నౌకలు పోయినవి. 1901నుండి 1903 వరకు సాగిన స్వీడను దేశపు యాత్రలో సేకరించిన చిప్పపురుగులను టాగే స్కోగ్స్‌బెర్గ్ పరిశీలించినాడు. 1920లో ఆయన ప్రకటించిన మహాగ్రంథమున జైగాంటోసిప్రిస్ ముల్లెరీ అను జాతి వర్ణితమైనది. పేరులోనే దాని విశేషమున్నది. రాక్షస సిప్రిస్ అని దాని అర్థము. మన మడిలోని చిప్పపురుగు నువ్వుగింజంత. సముద్రమున వేయి మీటర్ల లోతున, సూర్యకాంతి చొరని చీకటిలో ఈదు ఈ రాక్షసజాతులు రేగుపండంత పెరుగును. కొన్ని మూడు సెంటీమీటర్ల వరకును ఉండును. వలలో పడినప్పుడు నారింజవన్నె గల గాజుగోళమువలె కనబడును.

1925లో దక్షిణ సముద్రపు తిమింగిలములను పరిశోధించుటకై డిస్కవరీ పరిశోధనలను ఇంగ్లీషువారు ఆరంభించినారు. తిమింగిలపు నూనెపై విధించిన పన్నే ఆ పనికి మూలధనము. తిమింగిలముల ఆహారమును తెలిసికొనుటకై వారు వేసిన వలలలో సముద్రపు లోతులందలి జీవులెన్నియో పడినవి. రాక్షస చిప్పపురుగులును వానిలో ఉన్నవి. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన గ్రాహం కానన్ వానిని కోసి, సన్నని పొరలుగా తరిగి, సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించి, జైగాంటోసిప్రిస్ ముల్లెరీ యొక్క దేహనిర్మాణముపై 1940లో డిస్కవరీ నివేదికలలో ఒక విపుల వ్యాసము ప్రకటించినాడు.

ఆ జీవి దేహమును మన చెరువు జీవి దేహముతో పోల్చి చూచినచో ఎంతటి భేదము! మన జీవికి గట్టి సున్నపు చిప్ప. లోతులందలి జీవి చిప్పలో సున్నము అత్యల్పము, అది మెత్తని పారదర్శకమైన తొడుగు. బరువు తగ్గిననే గదా నడిసముద్రమున తేలియుండుట సాధ్యము! మన జీవికి గుండె లేదు. దానికి గుండె ఉన్నది, ఏలయన అంతటి దేహమునకు చర్మముగుండ వచ్చు గాలి చాలదు. మన జీవి గ్రుడ్లను నీటిమొక్కలకో బురదకో అంటించి పోవును. అది తన గ్రుడ్లను చిప్పలలోపలనే వీపుక్రింద మోసికొని తిరుగును. మన జీవి నాచును, కుళ్లిన ఆకును తినును. అది తనకంటె చురుకైన చిన్నజీవులను, చేపపిల్లలనుకూడ పట్టి తినును.

అన్నిటికంటె వింత దాని కన్ను. బ్యాటరీలైటులో బల్బు వెనుక మెరయు గిన్నె ఉండును గదా! బల్బు వెలుగును ఆ గిన్నె ముందుకు త్రోయును. రాక్షస చిప్పపురుగు తలపై అట్టి మెరయు గిన్నెలు రెండున్నవి. అయితే అవి వెలుగును వెలుపలికి పంపునవి కావు. లోతులలో ఏ జీవియో మినుకుమినుకుమని చిమ్మిన కొద్దిపాటి వెలుగును ఒడిసిపట్టి, నడుమనున్న నేత్రపటలముపైకి చేర్చునవి. సముద్రపు జీవులలో ఈ అద్దపుకన్నుల పనితీరును మైకేల్ లాండ్ 1978లో చక్కగా విడదీసి చెప్పినాడు. అట్టి కంటిలో స్పష్టమైన రూపము ఏర్పడదు. కటిక చీకటిలో వెలుగెక్కడిదో తెలియుటయే ఆ జీవికి కావలసినది. మడిలోని జీవి నుదుటనున్న ఒంటికన్నే ఆ చీకటిలో ఇంతగా పెరిగి ఇట్లయినది.

ఈ సముద్రజీవి కథను ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. మెత్తని చిప్పగల ఆ జీవి చచ్చినచో రాతిలో నిలుచుట అరుదు. దానిని తెలిసికొనవలెనన్నచో దేహమును కోసి చూడక తప్పదు. కనుక దాని గుండె, కన్ను, కండరము, గ్రుడ్లసంచి అన్నియు మనకు తెలిసినవి. నిర్మల్ కొండలనాటి జీవి స్థితి దీనికి సరిగా తలక్రిందులు. దాని చిప్ప మాత్రమే మనకున్నది. కాళ్లు లేవు, దవడలు లేవు, కన్ను లేదు. ఇంటివారు పోయిన పిమ్మట మిగిలిన తలుపులను చూచి, ఇది ఫలానావారి ఇల్లని పేరు వ్రాసినట్లే సోవర్బీ పేరు పెట్టినాడు. ప్రక్క వీథిలో అట్టి తలుపులే కనబడగా, అదే కుటుంబమని బేర్డ్ నిశ్చయించినాడు. ఆనాటి సాధనములతో వారు చేయగలిగినంత చేసినారు. వారిని నిందించుటకు మనకు అధికారము లేదు.

తప్పు తేలినది 2003లో. రాబిన్ వాట్లీ, సునీల్ బాజ్‌పాయి, జాన్ విటేకర్ అను మువ్వురు ఈ పేరు వెనుకనున్న జీవి ఎవరో తేల్చుటకే ఒక వ్యాసము వ్రాసినారు. చిప్ప వెలుపలి గుండ్రదనము అనేక జాతులకు సామాన్యము. అది కుటుంబలక్షణము కాదు. జాతిని పట్టియిచ్చునవి చిప్ప లోపలి అంచుల కట్టడము, బందు తీరు, మనము మొదట చెప్పుకొన్న కండరపు మచ్చల అమరిక. ఇట్టి పరిశీలనచే లావా నడిమి శిలాజము సిప్రిస్ ప్రజాతికి చెందినదే కాదనియు, పారాసిప్రెట్టా అను వేరొక ప్రజాతిలో చేర్చవలసినదనియు వారు నిర్ణయించినారు. బేర్డ్ మాట ప్రకటితమై అప్పటికి 144 సంవత్సరములైనది. చెరువులో ఈదు గుండ్రని జీవియు రాతిలోని గుండ్రని చిప్పయు ఒకే జాతివి కావు.

ఈలోగా శిలల వయస్సు మాటయు తేలిపోయినది. రాతిలోని పరమాణువుల క్షయమును కొలుచు పద్ధతులచే దక్కను లావా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పొంగినదని నిశ్చయమైనది. అది క్రెటేషియస్ యుగపు అంత్యకాలము. రాక్షసబల్లులు నశించినది ఆ కాలముననే. హిస్లాప్ ఊహించినదానికంటె ఆ పొరలు ప్రాచీనములు. ఆనాడు భారతఖండము ఆసియాతో కలిసియుండలేదు. దక్షిణమునుండి విడివడి, నడిసముద్రమున ఉత్తరముగా జరుగుచు ఉండెను. లావా నడిమి చెరువుల చిప్పపురుగులలో అత్యధిక భాగము ఇతర ఖండములలో కనబడని జాతులేయని వాట్లీ, బాజ్‌పాయి మొదలగువారు చూపినారు. అనగా ఆ చిన్న చిప్పలు ఒక మహాఖండపు ఏకాంతయాత్రకు సాక్షులు. ఒక కథ పోయినది. దానికంటె ఘనమైన వేరొక కథ దాని చోటనే దొరికినది. పేరును సరిదిద్దకున్నచో ఈ సాక్ష్యము మనకు చిక్కియుండెడిది కాదు. నేటి జాతియే ఆనాడును ఉన్నదని నమ్మినంతకాలము, ఆనాటి భారతఖండమునకు ప్రత్యేకమైన జీవులుండెనన్న సంగతి మరుగుపడియే ఉండును గదా!

అయితే బ్రతికియున్న జీవిని మనము ఎంతవరకు ఎరుగుదుము? 1979లో విక్టరు, ఫెర్నాండో అను పండితులు భారతదేశపు మంచినీటి చిప్పపురుగులన్నిటిని ఒకచోట చేర్చి గ్రంథస్థము చేసినారు. ఆంధ్రదేశమున నాగార్జున విశ్వవిద్యాలయమునందలి వై. రంగారెడ్డి గారు బావులలోను భూగర్భజలములలోను జీవించు చిన్న క్రస్టేషియనులను పరిశీలించి, శాస్త్రమునకు క్రొత్తవైన జాతులను ప్రకటించినారు. ఇట్టి పనికి ఓడలు అక్కరలేదు. సన్నని వల, సూక్ష్మదర్శిని, ఓపిక, ఈ మూడును చాలును. దక్షిణ సముద్రపు జీవి దేహమును కానన్ ఎట్లు విడదీసి చూచినాడో, మన కుంటలలోని జీవులనుకూడ అట్లు కాలు కాలుగా, అంచు అంచుగా చూచుటయే వాని పేర్లను సరిగా నిలుపు మార్గము.

చివరగా శ్రోతలు ఇంటివద్దనే చేయదగిన పరీక్ష ఒకటి చెప్పి విరమింతుము. వేసవిలో మా ఊళ్ల కుంటలు ఎండి, అడుగు నెఱ్ఱెలిచ్చును. అందులోని చిప్పపురుగులు చచ్చును గాని వాని గ్రుడ్లు చావవు. ఆ ఎండిన మట్టిలో అవి తడికై వేచియుండును. నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు సార్స్ ఆస్ట్రేలియానుండి ఎండుమట్టిని తెప్పించి, తన ఇంట నీటిలో నానవేసి, అందులోనుండి పుట్టిన చిప్పపురుగులను 1889లో వర్ణించినాడు. మనకు అంతదూరము పోవలసిన పని లేదు. ఊరి కుంట అడుగుననున్న ఎండుమట్టిని రెండు పిడికిళ్లు తెచ్చి వెడల్పాటి గాజుపాత్రలో వేయుడు. కాచి చల్లార్చిన నీటిని దానిపై పోసి, ఎండ సూటిగా తగులని వెలుతురుచోట ఉంచుడు. నీటిని కాచుట ఎందుకనగా, అందులో కనబడు జీవులు నీటితో వచ్చినవి కావు, మట్టిలోనివేయని మనకు నమ్మకము కలుగుటకు.

కొన్ని దినములు గడచిన పిమ్మట భూతద్దముతో చూడుడు. గ్రుడ్డునుండి వెలువడు పిల్ల మొదటిదినముననే రెండు చిప్పలతో పుట్టును. దాని కదలికను, ఈతను, ముడుచుకొను తీరును పిల్లలకు చూపుడు. మా తాతల కాలమునకు ముందే ఈ చెరువుకట్టలు వేసినారు. ఈ జీవులు అప్పటినుండి వాన వచ్చినప్పుడెల్ల లేచుచు, నీరు ఎండినప్పుడెల్ల నిద్రించుచు, తమ చిప్పలను బురదకు ఇచ్చుచు వచ్చుచున్నవి. ఆ పాత్రలోని జీవి పేరేమని పిల్లలు అడిగినచో, చిప్పపురుగని చెప్పి, దాని అసలు పేరు తెలియుటకు చిప్పను తెరచి చూడవలెనని చెప్పుడు.